ఇనారి సరస్సు నుంచి కిర్కెనెస్ దాకా: ఉత్తరాది దేశాల సహకారంపై వేసవి పాఠశాలలో నా అనుభవం

ఫిన్లాండ్‌లో నీటి వనరుల ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చదువుతున్న నేను 2024 జూన్‌లో ఉత్తర ప్రాంతీయ సహకారంపై జరిగిన ఒక అంతర్జాతీయ విద్యార్థి వేసవి పాఠశాలలో పాల్గొన్నాను. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా దేశాల ఉత్తరపు కొసలు కలిసే బారెంట్స్ ప్రాంతంలో ఇరుగుపొరుగు దేశాలు నదులను, చేపలను, గాలిని, సరిహద్దు గ్రామాలను ఎలా పంచుకుంటున్నాయన్నదే అక్కడి పాఠ్యాంశం. అలాంటి చోట మనవాళ్లకు ఏం పని అని అడిగినవారూ, తామూ వెళ్లాలనుకుంటున్నాం, దారి చెప్పమని అడిగినవారూ ఉన్నారు. ఇద్దరికీ కలిపి ఇది రాస్తున్నాను.

నోర్డిక్ విశ్వవిద్యాలయాలు వేసవి పాఠశాలల ప్రకటనలను ఎక్కువగా జనవరి, మార్చి నెలల మధ్య విడుదల చేస్తాయి. మార్కుల పత్రం, ఒక పేజీ బయోడేటా, ఒక ఆచార్యుని సిఫారసు లేఖ, ఎందుకు చేరాలనుకుంటున్నామో తెలిపే ఒక పేజీ లేఖ అడిగారు. ఫీజు లేదు. బస, భోజనం, క్షేత్ర పర్యటనకు బస్సు నిర్వాహకులే చూసుకున్నారు. పాఠశాల మొదలయ్యే ఉత్తర ఫిన్లాండ్‌లోని రోవనియెమి నగరం చేరే ఖర్చు మాత్రం మనది. ఫిన్లాండ్ విద్యార్థి నివాస అనుమతి ఉన్నవారు షెంగెన్ పరిధిలోని నార్వేకు వేరే వీసా లేకుండా వెళ్లవచ్చు. భారతదేశం నుంచి నేరుగా వచ్చేవారు మాత్రం షెంగెన్ వీసా కోసం ముందుగానే సిద్ధపడాలి, ఎందుకంటే ఎంపిక ఫలితానికీ ప్రయాణానికీ మధ్య వ్యవధి తక్కువగా ఉంటుంది.

ఈ పత్రాలన్నింటిలోనూ నిజంగా ఆలోచించి రాయవలసింది ఆ ఒక పేజీ లేఖ. ఉత్తర ధ్రువ ప్రాంత దేశాల వేదికైన ఆర్కిటిక్ కౌన్సిల్‌లో 2013 నుంచి భారత్‌కు పరిశీలక హోదా ఉందని, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని నీ-ఓలెసుండ్‌లో 2008లోనే ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పామని, 2022లో మన ప్రభుత్వం ఆర్కిటిక్ విధానాన్ని ప్రకటించిందని రాయవచ్చు. అవన్నీ నిజాలే. కానీ భారత్ నుంచి దరఖాస్తు చేసే ప్రతి ఒక్కరూ ఆ మూడు వాక్యాలే రాస్తారని నాకు అనిపించింది. నేను మా ఊరి సంగతి రాశాను. మాది నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు. వంతులవారీగా నీళ్లిచ్చే వారబందీ ఎప్పుడు మొదలవుతుందో, కాలువ కాపలా చూసే లష్కర్ తూము ఎప్పుడు ఎత్తుతాడో చూస్తూ పెరిగినదాన్ని. కృష్ణా జలాలపై బచావత్ ట్రిబ్యునల్ 1969లో ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక, ఉమ్మడి రాష్ట్రానికి దక్కిన 811 టీఎంసీల కృష్ణా నీటిని ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా 2015లో తాత్కాలికంగా సర్దుబాటు చేసుకున్నారు. 2023 నవంబరు చివరిలో అదే సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలకు ఇంత కష్టమైన పని, యుద్ధాలు చేసుకున్న దేశాల మధ్య ఎలా సాగుతున్నదో చూడాలని ఉంది అని ముగించాను. ఎంపికైనట్టు వచ్చిన ఉత్తరంలో ఆ పేరా గురించి ప్రత్యేకంగా ఒక వాక్యం ఉంది.

చేరేముందు చదవవలసినవి చాలానే పంపారు. 1987 అక్టోబరులో సోవియట్ నాయకుడు గోర్బచెవ్ ఉత్తర రష్యా నగరం ముర్మాన్స్క్‌లో చేసిన ప్రసంగంతో అవి మొదలయ్యాయి. అణు జలాంతర్గాములు దాగి ఉండే ఉత్తరాన్ని శాంతి మండలంగా మార్చుదామని ఆయన అక్కడ ప్రతిపాదించారు. 1991లో ఎనిమిది ఆర్కిటిక్ దేశాలు రోవనియెమిలో పర్యావరణ పరిరక్షణ వ్యూహంపై సంతకం చేశాయి. అదే 1996లో ఒట్టావా ప్రకటనతో ఆర్కిటిక్ కౌన్సిల్‌గా రూపుదిద్దుకుంది. ఈ రెంటికీ మధ్య, 1993 జనవరిలో, నార్వే విదేశాంగ మంత్రి థోర్వాల్డ్ స్టోల్టెన్‌బర్గ్ చొరవతో రష్యా సరిహద్దుకు ఆనుకుని ఉన్న చిన్న రేవు పట్టణం కిర్కెనెస్‌లో బారెంట్స్ సహకారం మొదలైంది. పై స్థాయిలో దేశాలు, కింది స్థాయిలో జిల్లాలు, రాష్ట్రాల వంటి ప్రాంతాలు తమలో తాము నేరుగా మాట్లాడుకోవడం, వాటితోపాటు సామి, నెనెత్స్, వెప్సియన్ అనే మూలవాసీ ప్రజలకు చోటు ఉండడం దీని ప్రత్యేకత. రాజధానులను అడగకుండానే ఒక నార్వే జిల్లా ఒక రష్యా ప్రాంతంతో కలిసి క్షయ నివారణ గురించో, యువజన క్రీడల గురించో పనిచేయవచ్చునన్న ఆలోచన నన్ను చాలా ఆకట్టుకుంది.

అయితే మేము వెళ్లేనాటికి ఆ కట్టడంలో సగం ఖాళీగా ఉంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి చేశాక, మార్చిలోనే ఆర్కిటిక్ కౌన్సిల్ సమావేశాలు ఆగిపోయాయి; బారెంట్స్ సహకారాన్ని నడిపే మండలి రష్యాతో కార్యక్రమాలను నిలిపివేసింది; 2023 సెప్టెంబరులో రష్యా ఆ మండలి నుంచే వైదొలగింది. అదే ఏడాది చివరికి ఫిన్లాండ్ తన తూర్పు సరిహద్దు రోడ్డు ద్వారాలను మూసివేసింది. అంతకుముందు ఇలాంటి పాఠశాలలకు ముర్మాన్స్క్, అర్ఖాంగెల్స్క్ విశ్వవిద్యాలయాల నుంచి విద్యార్థులు మామూలుగానే వచ్చేవారట. మా బృందంలో అర్ఖాంగెల్స్క్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉన్నది గానీ, ఆమె అప్పటికే నార్వేలో చదువుకుంటున్నది కాబట్టే రాగలిగింది. మొదటి రోజు పరిచయాల్లో ఆమె తన ఊరి పేరు చెప్పి, కాసేపు ఆగి, తన పాత సహాధ్యాయులు ఈ గదిలో ఉండవలసినవారని మాత్రం అన్నది.

హెల్సింకి నుంచి రాత్రి రైలులో రోవనియెమి చేరితే సూర్యుడు అస్తమించని కాలం. రోవనియెమిలో మొదటి రోజులు ఉపన్యాసాలతో గడిచాయి. అంతర్జాతీయ న్యాయం గురించిన పాఠాలు కొంత భారంగానే సాగాయి. వాటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఆ పాఠాలు ఎందుకు చెప్పారో బస్సు ఎక్కి ఉత్తరానికి 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇనారి చేరాకే అర్థమైంది.

ఇనారి సుమారు 1,040 చదరపు కిలోమీటర్ల సరస్సు. వేల దీవులు ఉంటాయి. నీళ్లు మొత్తం ఫిన్లాండ్ భూమిలోనే ఉన్నాయి. కానీ ఆ సరస్సు నుంచి బయటికి వెళ్లే ఒకే ఒక నది పాట్స్‌యోకి రష్యాలోకి ప్రవహిస్తుంది; నార్వే వారు దీన్నే పాస్విక్ నది అంటారు. తర్వాత చాలా దూరం నార్వే, రష్యాల మధ్య సరిహద్దుగా సాగి బారెంట్స్ సముద్రంలో కలుస్తుంది. సరస్సు మట్టాన్ని శాసించే కైటకోస్కి ఆనకట్ట రష్యాలో ఉంది. ఆ చోటు ఒకప్పుడు ఫిన్లాండ్‌దే. 1947లో సోవియట్ యూనియన్ ఆ నది ఎగువ భాగాన్ని ఫిన్లాండ్ నుంచి డబ్బిచ్చి కొనుక్కున్నది. కింద నదిపై రష్యావి ఐదు, నార్వేవి రెండు జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. 1959లో మూడు దేశాలూ కలిసి సరస్సు మట్టం సుమారు 2.36 మీటర్ల పరిధిలోనే పైకీ కిందికీ కదలాలని ఒప్పందం రాసుకున్నాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడిచే రోజుల్లో నాటో సభ్యదేశమైన నార్వే, సోవియట్ యూనియన్, ఏ కూటమిలోనూ లేని ఫిన్లాండ్ ఒకే కాగితం మీద సంతకం చేశాయి. ఆ ఒప్పందం నేటికీ అమలులో ఉంది.

ఆ రాత్రి ఫోన్‌లో మా నాన్నగారికి ఇది చెబితే ఆయన చాలాసేపు నమ్మలేదు. “సరస్సు ఒకళ్లది, గేట్లు ఇంకొకళ్ల చేతిలనా? మరి ఆ ఊరోళ్లు ఎట్ల ఊకున్నరు బిడ్డా?” అని అడిగారు. ఆ ప్రశ్ననే మరునాడు తరగతిలో అడిగాను.

జవాబు ఒడ్డున చూపించారు. శీతకాలమంతా విద్యుత్ కోసం నీటిని వదులుతారు కాబట్టి వసంతం చివరికి మట్టం అట్టడుగుకు దిగుతుంది. మంచు కరిగాక మళ్లీ నిండుతుంది. మేము వెళ్లినప్పుడు నీరు పెరుగుతున్న దశలో ఉంది. ఇసుక ఒడ్డు ఒకచోట నిలువునా కోసుకుపోయి, పైన్ చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. ఆ వేళ్ల కింద రాళ్లు పేర్చి, ఒడ్డు ఇంకా జారకుండా కట్టడి చేశారు. అక్కడి వారు ఊరికే ఉండలేదు. ఒడ్డు కోతకు, చేపల వేటకు కలిగే నష్టానికి దశాబ్దాలుగా లెక్కలు కడుతూ, నష్టం పూడ్చడానికి సరస్సులో చేపపిల్లలను వదులుతూ, మట్టం ఏ నెలలో ఎంత ఉంటే మేలో చెబుతూ వస్తున్నారు. గేట్లు వారి చేతిలో లేకపోయినా లెక్క వారి చేతిలో ఉంది.

ఆ మధ్యాహ్నం మొదలైన చర్చల అభ్యాసమే నా దృష్టిలో ఈ పాఠశాల మొత్తానికీ ప్రాణం. మమ్మల్ని మూడు దేశాల బృందాలుగా విడదీశారు. ఒక ఊహా సంవత్సరం ఇచ్చారు: మంచు విపరీతంగా కురిసింది, వరద రాకముందే సరస్సును ఖాళీ చేయాలి, ఎంత, ఎప్పటిలోగా? ఫిన్లాండ్ బృందానికి ఒడ్డున ఉన్న ఇళ్లు, చేపలు, పడవలు ముఖ్యం. రష్యా బృందం చేతిలో గేట్లున్నాయి, శీతకాలపు కరెంటు అవసరమూ ఉంది. నేను నార్వే బృందంలో కూర్చున్నాను. పైనుంచి ఎంత నీరు ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియకపోతే మా రెండు కేంద్రాలకు నష్టం. తొలి సమావేశంలో అందరమూ హక్కుల గురించే మాట్లాడాం. ఎగువ దేశం బాధ్యత, దిగువ దేశం హక్కు, సమాన పంపకం అంటూ రోవనియెమిలో నేర్చిన మాటలన్నీ వాడేశాం. సాయంత్రానికి అంగుళం ముందుకు కదలలేదు.

మమ్మల్ని గమనిస్తున్న ఆచార్యురాలు రెండో సమావేశానికి ముందు ఒకే ఒక్క షరతు పెట్టారు. మూడు బృందాల దగ్గరా మంచు మందంపై మూడు వేర్వేరు పట్టికలున్నాయి. ముందు ఆ మూడింటిని కలిపి అందరూ సంతకం చేయగల ఒక పట్టిక తయారు చేయండి, అది పూర్తయ్యేదాకా నీటి పంపకం గురించి ఎవరూ నోరు విప్పకూడదు అన్నారు. ఎక్కడ కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఆ మంచు కరిగితే ఎంత నీరవుతుంది అని కూర్చుని సరిచూసుకోవడానికే చాలా సమయం పట్టింది. కానీ ఆ పట్టిక బల్ల మీదకు వచ్చాక, అంతకుముందు మూడు దేశాల మధ్య సముద్రమంత కనిపించిన తేడా పదిహేను సెంటీమీటర్ల నీటి మట్టానికి తగ్గిపోయింది. ఆ పదిహేను సెంటీమీటర్ల మీద బేరం ఆడుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. కృష్ణా బోర్డు ముందుకు నీటి ప్రవాహాన్ని కొలిచి దూరం నుంచే లెక్క పంపే టెలిమెట్రీ పరికరాల విషయం పదేపదే ఎందుకు వస్తుందో, ఒక రాష్ట్రం చెప్పే క్యూసెక్కులను మరో రాష్ట్రం నమ్మకపోవడమే సగం తగాదా ఎందుకవుతుందో నాకు ఆ గదిలో స్పష్టంగా తెలిసింది. అంతవరకూ అది రాజకీయం కింద లెక్కవేసి వదిలేసేదాన్ని.

ఇనారిలో సామి పార్లమెంటు, సాంస్కృతిక కేంద్రం ఉన్న సాయోస్ భవనంలో ఒక పూట గడిపాం. ఫిన్లాండ్‌లో ఉత్తర సామి, ఇనారి సామి, స్కోల్ట్ సామి అనే మూడు సామి భాషలున్నాయి. మరునాడు సెవెట్టియార్వి మీదుగా నార్వే వైపు వెళ్తూ స్కోల్ట్ సామి ప్రజల గ్రామంలో ఆగాం. 1944లో ఫిన్లాండ్ పెత్సమో ప్రాంతాన్ని సోవియట్ యూనియన్‌కు వదులుకున్నప్పుడు తమ వేట భూములన్నీ అవతల పోగా ఈ ఒడ్డుకు వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. 1992లో రష్యా సామి ప్రజలు కూడా వివిధ దేశాల సామి సంఘాల వేదికైన సామి మండలిలో చేరాక మళ్లీ రాకపోకలు మొదలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆ మండలి సైతం రష్యా వైపు సంఘాలతో సంబంధాలను తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది. ఈ సంగతి మాకు వివరించిన పెద్దావిడ గొంతు పెంచలేదు, ఎవరినీ తిట్టలేదు; రెండుసార్లూ తమను ఎవరూ అడగలేదని మాత్రం చెప్పారు.

నాటమో దగ్గర ఫిన్లాండ్ ముగిసి నార్వే మొదలవుతుంది. బస్సు ఆగనైనా ఆగలేదు. అదే కిర్కెనెస్ దాటి పది, పదిహేను కిలోమీటర్లు వెళ్తే వచ్చే స్టోర్‌స్కోగ్ సరిహద్దు మరో లోకం. నార్వే, రష్యాల మధ్య 200 కిలోమీటర్లకు కాస్త తక్కువ పొడవున్న ఈ సరిహద్దులో నార్వే గుర్తు స్తంభాలు పసుపు రంగులో, రష్యా స్తంభాలు ఎరుపు, ఆకుపచ్చ చారలతో ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. అవతలి వైపు ఏదీ విసరరాదని, అవతలి వారితో మాట్లాడరాదని, అవతలి సైనికులను ఫొటో తీయరాదని ముందుగానే చెప్పారు. కిర్కెనెస్ వీధుల పేర్లు నార్వే భాషలోనూ రష్యన్‌లోనూ రాసి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన ఈ ఊరిపై 300కు పైగా వైమానిక దాడులు జరిగాయి. 1944 అక్టోబరు 25న దీన్ని విముక్తం చేసింది సోవియట్ ఎర్రసైన్యమే. ఆ కృతజ్ఞత ఇక్కడి పెద్దవారిలో ఇంకా ఉంది. 2012 నుంచి సరిహద్దుకు 30 కిలోమీటర్ల లోపు ఉండేవారు వీసా లేకుండా ఒక అనుమతి పత్రంతో రాకపోకలు సాగించేవారు. ఇటువారు పెట్రోలు కోసం రష్యా వైపున్న నికెల్ పట్టణానికి, అటువారు పిల్లల డైపర్ల కోసం కిర్కెనెస్‌కు వచ్చేవారని దుకాణదారులు చెప్పారు.

పాస్విక్ లోయలో ఒకప్పటి సైనిక కావలి గోపురం ఎక్కితే నది అవతల నికెల్ పట్టణపు పొగగొట్టాలు కనిపించాయి. దశాబ్దాల పాటు ఆ కర్మాగారం వదిలిన గంధక వాయువు ఈ లోయలోని చెట్లనూ మనుషుల ఊపిరితిత్తులనూ బాధించింది. 2020 డిసెంబరులో అక్కడ లోహం కరిగించే కొలిమిని మూసేశారు. మూసివేతకు కారణం పొరుగు దేశపు ఒత్తిడి ఒక్కటే కాదు, యంత్రాలు పాతబడిపోవడం కూడా. కానీ ఈవలి ఒడ్డున స్వాన్విక్‌లో గాలిని ఏళ్ల తరబడి కొలిచి ఉంచిన అంకెలు లేకపోతే చర్చకు ఆధారమే ఉండేది కాదు.

బారెంట్స్ సముద్రపు కాడ్ చేప గురించి చెప్పిన పాఠం ఈ పర్యటన మొత్తానికీ కేంద్రం అనుకుంటాను. 1975లో కుదిరిన ఒప్పందంతో నార్వే, సోవియట్ యూనియన్ ఉమ్మడి మత్స్య సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. సముద్ర సరిహద్దు ఎక్కడన్నది తేలకముందే చేపను ఎలా పంచుకోవాలో తేల్చుకున్నారు. ఆ సరిహద్దు తగాదా సుమారు నలభై ఏళ్లు నడిచి 2010లో ముర్మాన్స్క్ ఒప్పందంతో ముగిసింది. ఈలోగా ఏటా కోటా నిర్ణయిస్తూనే వచ్చారు. మూడో దేశాలకు ఇచ్చేది పోగా మిగిలిన కాడ్‌ను దాదాపు సగం సగం తీసుకుంటారు. పిల్ల చేపలు రష్యా వైపు పెరుగుతాయి, గుడ్లు నార్వే తీరంలో పెడతాయి. ఏ ఒక్కరు కక్కుర్తి పడినా ఇద్దరూ నష్టపోతారు. 2022 తర్వాత కూడా ఈ సంఘం ఆగలేదు. మేము తిరిగి వచ్చాక, ఆ శరదృతువులోనే, 2025 సంవత్సరానికి కోటాను 3,40,000 టన్నులకు తగ్గించుకున్నారు. 1991 తర్వాత అప్పటికి అదే అతి తక్కువ. మిగతా అన్ని విషయాల్లో ముఖాలు చూసుకోని దేశాలు చేపలు తగ్గిన మాటను మాత్రం కలిసి ఒప్పుకున్నాయి.

ఇదంతా చూశాక నాలో గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. నీటి మట్టం, చేపల కోటా, సరిహద్దు అధికారుల మధ్య ఫోన్ వంటివి రాతపూర్వక ఒప్పందంలో, ఏటేటా చేయవలసిన పనిగా ఉన్నాయి కాబట్టి నిలిచాయి. యువజన మార్పిడులు, సామి కుటుంబాల రాకపోకలు, ఆసుపత్రుల మధ్య సహకారం, రష్యాలోని ఆంద్రెయేవా అఖాతంలో గుట్టలుగా పడి ఉన్న అణు ఇంధన వ్యర్థాలను తొలగించడంలో నార్వే ఇరవై ఏళ్లకు పైగా చేసిన సాయం, ఇవన్నీ సద్భావన మీద, ప్రాజెక్టు నిధుల మీద నడిచాయి. ముందుగా అవే తెగిపోయాయి. ఆంద్రెయేవా అఖాతం నార్వే సరిహద్దుకు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మనుషుల మధ్య సంబంధాలు మెత్తనివి, అవి వాటంతటవే పెరుగుతాయని 1993లో అనుకున్నారు. వాటికీ చేపలకు ఉన్నంత గట్టి కాగితం ఉండవలసిందని నా వాదన. యుద్ధం చేస్తున్న ప్రభుత్వంతో అలాంటి కాగితం రాసుకోవడం తప్పు అని మా బృందంలో ఉక్రెయిన్ నుంచి వచ్చిన విద్యార్థి గట్టిగా వాదించాడు. అతని మాటలో ఉన్న న్యాయాన్ని నేను కాదనలేదు, ఇప్పటికీ కాదనను. మా తుది నివేదికలో రెండు అభిప్రాయాలనూ పక్కపక్కనే, ఎవరి పేరాలో వారివిగా రాశాం. దాన్ని ఒకే అభిప్రాయంగా కుదించమని ఆచార్యులు కోరలేదు.

పాఠశాలకు 5 క్రెడిట్లు ఇచ్చారు. ఫిన్లాండ్ లెక్కలో ఒక క్రెడిట్ అంటే దాదాపు 27 గంటల పని. ముందస్తు చదువు, చర్చల అభ్యాసం, పర్యటన దినచర్య, చివరి నివేదిక కలిపితే అంతకంటే తక్కువేమీ కాలేదు. నివేదిక కోసం ఇంటికి వచ్చాక కూడా వారాల పాటు పనిచేయాలి కాబట్టి వేసవి ఉద్యోగం చేసుకునేవారు ఆ సంగతి ముందే చూసుకోవాలి. దోమలు విపరీతం, తలకు కప్పుకునే వల తప్పక తీసుకెళ్లాలి. శాకాహారమని దరఖాస్తులోనే రాస్తే మారుమూల గ్రామాల్లోనూ ఏర్పాటు చేశారు.

ఇప్పుడు నా థీసిస్ ఇనారి మట్టపు పట్టికల మీదే రాస్తున్నాను: 1959 నాటి పరిధి, వేసవులు వేడెక్కి మంచు ముందుగా కరిగే ఈ రోజులకు ఎంతవరకు సరిపోతుందన్నది అంశం. ఫిన్లాండ్ వారు ఆ అంకెలను ఎవరైనా చూడగలిగేలా పెట్టారు. రష్యా వైపు గేట్ల నుంచి ఏ రోజు ఎంత నీరు వదిలారన్న లెక్కల కోసం నా పర్యవేక్షకుని ద్వారా అర్జీ పెట్టి ఎదురుచూస్తున్నాను.